బల్లికి మినరల్ వాటర్ ఎందుకయ్యా?

ముందే చెప్పేస్తున్నా, ఈ టపా చదివాక కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి. ఇందులో సగం తిట్లు నాకు నేను పెట్టుకున్నవే. మిగతా సగం మీరు పంచుకోండి :)

పోయిన ఆదివారం పొద్దున్నే ఒక సహోద్యోగి ఫోన్ చేశాడు. కొండాపూర్ లో ఉంటాడు, కొడుకు పుట్టినరోజుకి లెపర్డ్ గెక్కో కొన్నాడట. "నువ్వు రెండేళ్ళుగా పెంచుతున్నావు కదా, దానికి ఏ నీళ్ళు పెట్టాలి? ఆర్వో నా? డిస్టిల్డా? బాటిల్ కొననా? టీడీఎస్ ఎంత ఉండాలి?" అని వరసగా నాలుగు ప్రశ్నలు. నేను ఒకటే అడిగాను, "దాని ఇంట్లో తడి గుహ ఉందా?" అని. అవతల నిశ్శబ్దం. తర్వాత, "అదేంటి?" అన్నాడు.

ఇదీ మన పరిస్థితి. గిన్నెలో నీళ్ళ గురించి నాలుగు ప్రశ్నలు, ఆ జంతువు ఒంటి మీద చర్మం గురించి ఒక్కటీ లేదు. ఆయన్ని అని ప్రయోజనం లేదు, రెండేళ్ళ క్రితం నేనూ అచ్చం ఇలాగే ఉన్నాను. దానికి మూల్యం నేను కట్టలేదు. ఆ మూగ జీవి కట్టింది, రెండు వేళ్ళు ఇచ్చి.

మాది కందుకూరు. ఈ మాట అనగానే ఎదుటివాళ్ళు "ఓ, ప్రకాశం జిల్లానా" అంటారు. కాదండీ, ఆ కందుకూరు వేరు (అదీ 2022 లో నెల్లూరు జిల్లాలోకి పోయింది). మాది రంగారెడ్డి జిల్లా, శ్రీశైలం రోడ్డు మీద, తుక్కుగూడ దాటాక వచ్చేది. ఇంటి నుంచి పని మొదలయ్యాక నగరంలో అద్దె ఇల్లు ఖాళీ చేసి అమ్మ దగ్గరికి వచ్చేశాను. చుట్టూ వెంచర్లు, ఫ్యూచర్ సిటీ కబుర్లు, ఎకరం ఎంత పలుకుతోందనే లెక్కలు. వీటి మధ్య మా ఇంట్లో ఒక గాజు పెట్టె, అందులో పసుపు ఒంటి మీద నల్ల చుక్కలున్న ఒక బల్లి. పేరు చుక్కమ్మ. పేరు పెట్టింది మా అక్క కొడుకు. తర్వాత అది మగది అని తెలిసింది, అయినా పేరు మారలేదు.

బల్లి అన్నానని గోడ మీద తిరిగే బల్లిలా ఊహించుకోకండి. గోడ బల్లికి కనురెప్పలు ఉండవు, నాలుకతో కళ్ళు తుడుచుకుంటుంది. దీనికి రెప్పలు ఉంటాయి, నిద్రపోతే కళ్ళు మూసుకుంటుంది. గోడలు ఎక్కే అంటుడు పాదాలు దీనికి లేవు, గోళ్ళతో నేల మీదే నడుస్తుంది. పంజాబు సాల్ట్ రేంజ్ కొండల దగ్గర దొరికినదాన్ని చూసి ఎడ్వర్డ్ బ్లైత్ 1854 లో దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. అఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతం దీని సొంత ప్రాంతం. ఇప్పుడు దుకాణాల్లో అమ్మేవి ఎక్కువగా తరతరాలుగా పెట్టెల్లో పుట్టి పెరిగినవే. మన తూర్పు కనుమల్లో దీని దాయాది ఒకటుంది, చూడటానికి దాదాపు ఇలాగే ఉంటుంది. దానికి విషం ఉందనుకుని జనం కనపడితే చాలు కొట్టి చంపుతారు. విషమూ లేదు, ఏమీ లేదు. దాన్ని పట్టుకొచ్చి పెంచుకుందామని మాత్రం అనుకోకండి, అడవిలో ఉన్నదాన్ని అడవిలోనే ఉండనివ్వండి.

సరే, అసలు కథకొద్దాం. 2023 డిసెంబర్లో మేనల్లుడి పోరు పడలేక నగరంలో ఒక దుకాణానికి వెళ్ళి కొన్నాను. ఆ అమ్మేవాడు చెప్పిన జాగ్రత్తలు రెండే. ఒకటి, "ఎడారి జంతువు సార్, పొడిగా ఉంచండి." రెండు, "నీళ్ళు మాత్రం ప్యూర్ గా ఉండాలి సార్, బోరు నీళ్ళు పోస్తే చచ్చిపోతుంది."

ఈ రెండో మాట నా బుర్రలో మేకులా దిగిపోయింది. మనం ఇంజినీర్లం కదా! ఏదైనా కొలవగలిగేది దొరికితే చాలు, ప్రాణం లేచి వస్తుంది. వెంటనే టీడీఎస్ పెన్ను కొన్నాను. మా బోరు నీళ్ళలో ముంచితే వెయ్యి దాటింది. భగీరథ నల్లా నీళ్ళలో ముంచాను, ఊళ్ళో ఆర్వో ప్లాంటు క్యాన్ నీళ్ళలో ముంచాను, చివరికి అమ్మ చేసిన చారులో కూడా ముంచి తిట్లు తిన్నాను. క్యాన్ నీళ్ళు కూడా నాకు నచ్చలేదు. మెకానిక్ షాపు నుంచి బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చాను! (దయచేసి ఎవరూ ఈ పని చెయ్యకండి, అది తాగడానికి తయారు చేసింది కాదు. దేవుడి దయవల్ల అమ్మ చూసి పారబోసింది.)

"ఏందిరా, బల్లికి గూడ నీళ్ళు కొనుక్కొస్తున్నవా? గంత మంచి నీళ్ళు నీ పెండ్లిల గూడ పొయ్యలె గదరా!" అంది అమ్మ.

నేను నవ్వేసి ఊరుకున్నాను. నా డాష్ బోర్డ్ అంతా పచ్చగా ఉంది మరి. గిన్నెలో టీడీఎస్ ఇరవై లోపు. పెట్టె అంతా పొడి, దుమ్ము రేగేంత పొడి. అది డిసెంబరు, మా వైపు రాత్రిళ్ళు బాగా చలి. గదిలో హీటర్ పెట్టాను. హీటర్ గాలిని ఇంకా ఎండబెడుతుందన్న ఆలోచన రాలేదు.

జనవరిలో ఒకరోజు చుక్కమ్మ తెల్లగా, సున్నం కొట్టినట్టు అయ్యింది. కుబుసం విడిచే ముందు అలా అవుతుందని చదివాను కాబట్టి సంబరపడ్డాను. మామూలుగా అయితే ఒక రోజులోపే పని అయిపోతుంది. మూతిని రాయికి రుద్ది చీల్చుకుని, చొక్కా విప్పినట్టు విప్పి, ఆ చర్మాన్ని తనే తినేస్తుంది. పిల్లలైతే వారం రెండు వారాలకోసారి, పెద్దవైతే నెలకో రెండు నెలలకో ఒకసారి. మా వాడిది ఒళ్ళంతా ఊడింది కానీ వేళ్ళ మీద, తోక కొన మీద తెల్లటి పొర మిగిలిపోయింది. "పోతుందిలే" అనుకున్నాను. వారం తర్వాత ఆ పొర ఎండి బిగుసుకుపోయింది. అప్పుడు నేను చేసిన ఘనకార్యం, ట్వీజర్స్ తీసుకుని లాగడం.

దాని అరుపు మీరు వినలేదు. నేను విన్నాను. గెక్కోలు అరుస్తాయని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ పొర వేలి చుట్టూ దారం బిగించినట్టు పనిచేస్తుంది. మనం వేలికి రబ్బరు బ్యాండు చుట్టి వదిలేస్తే ఏమవుతుంది? రక్తం ఆగుతుంది, వాస్తుంది, నల్లబడుతుంది. అదే జరిగింది. వెనక ఎడమ కాలికి రెండు వేళ్ళు నల్లబడి రాలిపోయాయి. గెక్కో తోక తెగితే మళ్ళీ వస్తుంది, అందరికీ తెలిసిందే. వేలు రాదు.

నగరంలో బల్లుల్ని చూసే పశువైద్యుల్ని వెతుక్కోవడం ఒక పెద్ద ప్రహసనం, అది ఇంకో టపా. చివరికి దొరికిన డాక్టరమ్మ గారికి నేను ఎంతో గర్వంగా నా నీళ్ళ చరిత్ర అంతా చెప్పాను. ఆవిడ వినీ వినీ, "నీళ్ళ గిన్నె సంగతి సరే, ఇది కుబుసం ఎక్కడ విడుస్తుంది?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు ఈ "ఎడారి జంతువు" అనే మాట సంగతి చూద్దాం, ఎందుకంటే నా కోపమంతా దీని మీదే. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మా కందుకూరు గుట్టల్లో పైన నిలబడితే అరికాళ్ళు కాలిపోతాయి. అక్కడే ఒక పెద్ద గుండు పక్కన నెర్రెలో చెయ్యి పెట్టి చూడండి (తేలు కుడితే నాకు సంబంధం లేదు). చల్లగా, కాస్త చెమ్మగా ఉంటుంది. ఎండిన నేలమీద బతికే ప్రాణులన్నీ పగలు ఉండేది అక్కడ. గెక్కో కూడా అంతే. రాళ్ళ సందుల్లో, బొరియల్లో పగలంతా పడుకుని చీకటి పడ్డాక బయటికి వస్తుంది. ఎడారిలో బతుకుతుంది నిజమే, కానీ ఎడారి మీద కాదు, ఎడారి కింద! మనం ఆ పైనున్న ఎండని మాత్రం పెట్టెలో పెట్టి, కిందున్న చెమ్మని మర్చిపోతున్నాం. అమ్మేవాడికి ఇది తెలియక కాదు, ఒక డబ్బాలో తడి పీచు పెట్టమని చెబితే వాడికి వచ్చే లాభం ఏముంది? "షెడ్డింగ్ స్ప్రే", "వాటర్ కండిషనర్" సీసాలు అమ్మితే ఉంది.

తడి గుహ అంటే బ్రహ్మ విద్యేం కాదు. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా. స్వీట్ డబ్బా అయినా సరే, బాగా కడిగి వాడొచ్చు. గెక్కో దూరేంత రంధ్రం ఒకటి పక్కన కొయ్యాలి, అంచులు గీసుకోకుండా నున్నగా చెయ్యాలి. లోపల తడిపి పిండిన టిష్యూ పేపరు, లేదా కోకో పీట్, లేదా నర్సరీలో దొరికే స్ఫాగ్నమ్ నాచు. పిండితే నీళ్ళు కారకూడదు, ముట్టుకుంటే తడి తెలియాలి. పెట్టెలో వెచ్చగా ఉండే వైపుకి దగ్గరగా పెట్టాలి. చల్లటి మూలలో పెడితే ఆ తడి జలుబు చేయించడానికి తప్ప దేనికీ పనికిరాదు. డబ్బా లోపల తేమ 70, 80 శాతం ఉండాలి, బయట పెట్టెలో 30, 40 చాలు. రోజూ ఒకసారి వేలు పెట్టి చూడాలి. టిష్యూ అయితే రెండు మూడు రోజులకి మార్చెయ్యాలి, లేకపోతే బూజు పడుతుంది. అయిపోయింది. దీని ఖర్చు నా టీడీఎస్ పెన్ను ఖరీదులో పదో వంతు కూడా లేదు.

"అయితే పెట్టె మొత్తం తడిపేస్తే పోలా?" అనే మహానుభావులు ఉన్నారు. పోదు. మొత్తం తడిగా ఉంటే చర్మానికి పుళ్ళు, ఊపిరితిత్తులకి జబ్బు. పొడి చోటూ ఉండాలి, తడి చోటూ ఉండాలి, ఎటు పోవాలో అది చూసుకుంటుంది, దానికి మనకన్నా ఎక్కువ తెలుసు. ఇంకొందరు రోజూ స్ప్రే కొడతారు. మన ఏప్రిల్ ఎండల్లో ఆ తడి అరగంట ఆగదు. ఏసీ గదిలో అయితే అసలే ఆగదు, ఏసీ కూడా గాల్లో తేమని లాగేస్తుంది. చలికాలంలో కొడితే బల్లిని చల్లటి నీళ్ళతో తడిపి వణికించినట్టు. వేడి తగ్గినా కుబుసం సరిగా ఊడదు, ఈ ముక్క కూడా గుర్తుంచుకోండి. వెచ్చటి వైపు నేల 31 నుంచి 33 డిగ్రీలు, చల్లటి వైపు 25 ప్రాంతంలో ఉండాలి. మే నెలలో మన ఊళ్ళల్లో సమస్య తిరగబడుతుంది, గదే నలభై అవుతుంది, అప్పుడు చల్లబరచాలి.

పొర మిగిలిపోతే ఏం చెయ్యాలి? వెడల్పాటి గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళు, 30 డిగ్రీలు దాటకుండా, పొట్ట తడిసేంత లోతు. పావుగంట, మీరు పక్కనే కూర్చుని. తర్వాత తడిపిన ఇయర్ బడ్ తో వేలి మీద మెల్లగా దొర్లించాలి. రాకపోతే వదిలెయ్యండి, రేపు మళ్ళీ చూడండి. లాగొద్దు. కంటి దగ్గర ఉంటే మీ చేతులు జేబులో పెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ప్రతిసారీ ఇలాగే మిగిలిపోతుంటే తేమ ఒక్కటే కారణం కాకపోవచ్చు. విటమిన్ ఏ లోపం, కడుపులో పురుగులు, తిండి చాలకపోవడం, ఇవన్నీ ఉంటాయి.

ఇప్పుడు ఆ నాలుగు ప్రశ్నల సంగతి. ఏ నీళ్ళు పెట్టాలి? మీ ఇంట్లో మీరు తాగేవి. అంతే. మీ పిల్లాడికి గ్లాసులో పోసి ఇవ్వగలిగిన నీళ్ళయితే బల్లికీ పోయొచ్చు. నల్లా నీళ్ళలో క్లోరిన్ వాసన ఇబ్బంది పెడితే మూత లేని గిన్నెలో ఒక రోజు ఉంచండి, పోతుంది. క్లోరమిన్ కలిపే ఊళ్ళల్లో అయితే అలా పోదు, విదేశాల్లో ఉన్నవాళ్ళు కనుక్కోండి. మన ఊళ్ళల్లో బ్లీచింగ్ పౌడరు, క్లోరిన్ గ్యాసే ఎక్కువ. ఆర్వో నీళ్ళయినా నష్టం లేదు, బల్లికి కాల్షియం వచ్చేది నీళ్ళ నుంచి కాదు, పురుగుల మీద చల్లే పొడి నుంచి. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే చావదు, గిన్నెకి తెల్ల మరక కడుతుంది. శుద్ధి చెయ్యని బోరు నీళ్ళయితే నేను పోయను, కానీ దానికి కారణం టీడీఎస్ కాదు, సెప్టిక్ ట్యాంకు బోరుకి ఎంత దూరంలో ఉందో మనలో చాలామందికి తెలియకపోవడం. విల్లాల్లో ఉండేవాళ్ళు "మాకు సాఫ్ట్ నర్ ఉంది" అని గొప్పగా చెబుతారు. అయ్యా, అది కాల్షియం తీసేసి దాని బదులు సోడియం పెడుతుంది, అంతే. మీ బట్టలకీ గీజరుకీ మంచిదే, తాగడానికి కాదు.

గిన్నె విషయంలో నిజమైన ప్రమాదం ఒకటుంది, దాని గురించి ఎవరూ అడగరు. నిన్నటి నీళ్ళు. అందులో మునిగి చచ్చిన పురుగు, అందులోనే వేసిన రెట్ట. ఎంత ఖరీదైన నీళ్ళు పోసినా రెండు రోజులు వదిలేస్తే మురికి కాలవే. లోతు తక్కువ గిన్నె, రోజూ పారబోసి, వారానికి ఒకసారైనా సబ్బుతో రుద్ది, బాగా కడిగి పెట్టండి. బల్లుల పేగుల్లో సాల్మొనెల్లా ఉంటుంది కాబట్టి ఆ గిన్నెని వంటింటి సింకులో కడగొద్దు, చేతులు సబ్బుతో కడుక్కోండి, ముఖ్యంగా చిన్న పిల్లలు. దీనికి పెన్నూ లేదు, మీటరూ లేదు. బద్ధకం లేకపోతే చాలు. అందుకే కాబోలు ఎవరికీ నచ్చదు.

టీడీఎస్ పెన్ను కొలిచేది నీళ్ళలో కరెంటు ఎంత పారుతోందని, దాన్ని ఒక సంఖ్యతో గుణించి చూపిస్తుంది. బ్యాక్టీరియా దానికి కనపడదు. ఫ్లోరైడ్ దానికి విడిగా కనపడదు. ఈ మాట నాకు మా చిన్నమ్మ ఇంట్లో ఎక్కింది. ఇబ్రహీంపట్నం నుంచి మాల్ దాటి కాస్త ముందుకు పోతే మర్రిగూడ వస్తుంది, నల్లగొండ జిల్లా. చిన్నమ్మది అటువైపు. మోకాళ్ళు వంగిపోయి, మెడ తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పాలి. చిన్నప్పటి నుంచి తాగిన బోరు నీళ్ళ ఫలితం. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటుంది. అదే ప్రమాణంలో టీడీఎస్ కి 500, దారి లేకపోతే 2000. చూశారా, వందల్లో ఉండే అంకె మధ్యలో ఒకటిన్నర ఎక్కడ కనపడుతుంది? పెన్ను 300 అని చూపించినంత మాత్రాన నీళ్ళు మంచివని కాదు.

ఇది కొత్త సంగతి కూడా కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ లో, అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని షార్ట్ అనే వైద్యుడి బృందం 1937 లోనే ప్రచురించింది. మా పేరున్న ఆ ఇంకో కందుకూరు అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది, చూడండి కాకతాళీయం! పటిక, సున్నం కలిపి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్ లోని నీరీ సంస్థ రూపొందించింది, దానికి పెట్టిన పేరే "నల్లగొండ టెక్నిక్". ఒక జిల్లా పేరు జబ్బుకీ మందుకీ రెండింటికీ గుర్తుగా మిగిలిపోయింది. భగీరథ నీళ్ళు వచ్చాయి, సంతోషం. కానీ చిన్నమ్మ మోకాళ్ళు తిరిగి రావు, చుక్కమ్మ వేళ్ళలాగే.

"మనుషులకే దిక్కు లేదు, బల్లికి ఇంత హంగామానా" అని ఇక్కడ ఎవరో ఒకరు అంటారని తెలుసు. చిన్నమ్మ అలా అనలేదు. నేను ఫోన్లో చుక్కమ్మ కాలు చూపిస్తే చాలాసేపు చూసి, "నడుస్తదా బిడ్డా?" అని అడిగింది. నడుస్తుంది అని చెప్పాను. "అయితే మంచిదే" అంది.

కొనబోయే వాళ్ళకి ఇంకో మాట. ఇది సరిగా చూసుకుంటే పదిహేను, ఇరవై ఏళ్ళు బతుకుతుంది. మీ వాడికి ఇప్పుడు పదేళ్ళు అనుకోండి. ఇంటర్, ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు లెండి), బీటెక్, ఆ తర్వాత డాలస్ లోనో డెట్రాయిట్ లోనో ఎం.ఎస్. వాడు విమానం ఎక్కేనాటికి బల్లి నడి వయసులో ఉంటుంది. అప్పుడు దాని తడి గుహ ఎవరు చూస్తారు? "అమ్మమ్మ చూసుకుంటుంది." అవును, ఎప్పుడూ అమ్మమ్మే. ఆవిడని కొనే ముందు ఒక్కరైనా అడిగారా? మేమూ అడగలేదు. మేనల్లుడికి మోజు ఆరు నెలల్లో తీరింది, వాడికిప్పుడు క్రికెట్. వాణ్ణీ తప్పు పట్టను, తొమ్మిదేళ్ళ పిల్లాడి మాట మీద ఇరవయ్యేళ్ళ బాధ్యత తెచ్చిన మేనమామది తప్పు. పుట్టినరోజు కానుకగా ప్రాణమున్నవాటిని కొనేవాళ్ళందరిదీ అదే తప్పు. అందుకే సహోద్యోగికి నీళ్ళ గురించి చెప్పాక ఇదీ చెప్పాను. ఆయనకి నచ్చలేదు, "మళ్ళీ చేస్తా" అని ఫోన్ పెట్టేశాడు. సాయంత్రానికి మాత్రం స్వీట్ డబ్బాకి రంధ్రం కోసిన ఫోటో పంపించాడు. రంధ్రం మరీ చిన్నది, గెక్కో తల పడితే ఒళ్ళు పట్టదు. పెద్దది చెయ్యమన్నాను.

మా ఇంట్లో తడి గుహ అమ్మ చేతికి పోయింది. పొద్దున తులసికోటకి నీళ్ళు పోసి అదే చెంబులో మిగిలిన నీళ్ళు ఆ పీచు మీద చిలకరిస్తుంది. "దీని మడుగు" అంటుంది దాన్ని. భగీరథ నీళ్ళే. టీడీఎస్ పెన్ను ఎక్కడ పెట్టిందో నాకు తెలియదు, నేనూ అడగలేదు.

మొన్న రాత్రి చుక్కమ్మ మళ్ళీ తెల్లబడింది. పదకొండింటికి డబ్బాలోకి దూరింది. పొద్దున లేచి చూస్తే పొర ఆనవాలు లేదు, మొత్తం తినేసింది. అద్దం దగ్గరికి తెచ్చి కాళ్ళు ఒక్కొక్కటే చూశాను. తెల్ల మచ్చ ఎక్కడా లేదు. వేళ్ళు లెక్కపెట్టాను, పద్దెనిమిది.